రెండు సంతకాల గోడ

ఈ మధ్య వస్తున్న రంగులకు వాసన ఉండటం లేదు. ముందుగదికి వేయించాం. డబ్బా మీద అదేదో ఘనకార్యమైనట్టు పెద్ద అక్షరాలతో రాసి ఉంది, వాసన రాదని. పొద్దున ఆఫీసుకు వెళ్లేటప్పుడు గోడ ఒక రంగులో ఉంది, సాయంత్రం వచ్చేసరికి ఇంకో రంగులో ఉంది. మధ్యలో ఏం జరిగిందో ముక్కుకు కబురైనా లేదు. ఇల్లు మారిందని కళ్లు చెబుతున్నాయి గాని ఒంట్లో మిగతా భాగాలేవీ ఒప్పుకోవడం లేదు. ఇదే మాట మా ఆవిడతో అంటే, "తలనొప్పి రాలేదని బాధపడే మనిషిని మిమ్మల్నే చూశాను" అంది. నిజానికి నేను బాధపడలేదు. కొంచెం వెలితిగా ఉందన్నానంతే.

మర్నాడు పెయింటరు పెరటి గోడ దగ్గరికి వచ్చి, దీనికి రంగెందుకు, సున్నం చాలన్నాడు. పాత డ్రమ్ములో సున్నపురాళ్లు వేసి నీళ్లు పోశాడు. కాసేపు ఏమీ కాలేదు. తర్వాత రాళ్లు లోపల్నుంచి గొణగడం మొదలెట్టాయి. కుతకుతమని ఉడికి తెల్లటి ఆవిరి లేచి, తడిసిన రాయీ కాలిన రాయీ ఒకేసారి వాసన వేశాయి. ఆ ఆవిరి అవతల ఒకావిడ నిలబడి ఉంది. చీర కొంగు నడుముకు దోపి, ముక్కుకు చేతిరుమాలు కట్టుకుని, గోడ పొడవును కళ్లతో కొలుస్తోంది. నేను కలలు కనే రకం కాదు. మా మునిసిపల్ ఆఫీసులో అందుకు వేరే విభాగం లేదు. అయినా పైడితల్లి మేడమ్ పోయాక రెండో వర్షాకాలం ఇది, ఆవిడ మా పెరట్లో నిలబడింది. పెయింటరు కుంచె తడిపేదాకా ఉండి వెళ్లిపోయింది.

మీలో ఎవరూ ఆవిణ్ణి చూసి ఉండరు. ఆవిడ చేసిన పనిని చూసినా గుర్తుండదు, ఎందుకంటే ఏమీ మిగలకుండా చేయడమే ఆ పని. ఎన్నికల ప్రకటన వెలువడిన దగ్గర్నుంచి, మా భిలాయిలో ఖుర్సీపార్ వైపు గోడల మీద అనుమతి లేకుండా ఏ పార్టీ పేరు కనిపించినా, ఏ గుర్తు కనిపించినా, ఏ నాయకుడి నవ్వు కనిపించినా వెళ్లి సున్నం కొట్టించే స్క్వాడ్ ఒకటి ఉంటుంది. దానికి ఆవిడ ఇన్‌చార్జి. విజయనగరం దగ్గర్నుంచి ఇక్కడి ఉక్కు ప్లాంటు పనికి వచ్చిన మనిషి కూతురు, ఇక్కడే పుట్టింది. మునిసిపాలిటీలో చేసే భర్త పెళ్లయిన కొన్నాళ్లకే పోతే ఆ ఉద్యోగం ఈవిడకిచ్చారు. పిల్లలు లేరు. పూర్తి పేరు నోరు తిరగని హిందీవాళ్లు పైడీ మేడమ్ అనేవాళ్లు. ఆవిడ ఎవరినీ దిద్దలేదు, నన్ను తప్ప.

నేను బీకాం పాసై ఉన్నాను. ఆ పట్టా అప్పటిదాకా గోడకు మేకు కొట్టడానికి ఒక కారణంగా పనికొచ్చింది. పెళ్లిళ్ల వీడియోలు తీసే దుకాణంలో చేసేవాణ్ణి. ముహూర్తాలు లేని రోజుల్లో వార్డు ఎన్నికలొచ్చాయి. స్క్వాడ్‌కు కెమెరా మనిషి కావాలన్నారు. సున్నం కొట్టకముందు గోడను తీయాలి, కొట్టాక తీయాలి. పెళ్లికూతుళ్ల కన్నా గోడలు నయం, కదలవు అనుకుని ఒప్పుకున్నాను.

మొదటి రోజు ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసి అడిగింది.

"ఏటి బాబూ, తెలుగోళ్ల పిల్లాడివేనా?"

"హాఁ మేడమ్."

"హాఁ కాదు. అవును. సదవడం వచ్చునా?"

"మాట్లాడతాను మేడమ్."

"మాట్లాడ్డం చిలకలకీ వొస్తాది. అదిగో, ఆ గోడ మీదేటి రాసుందో సదువు."

గోడ మీద ఏముందో పైకి చదివి రికార్డు చేయాలన్నది ఆవిడ పెట్టుకున్న పద్ధతి. ఖుర్సీపార్‌లో మనవాళ్లు ఎక్కువ గనక అభ్యర్థులు హిందీతో పాటు తెలుగులోనూ రాయించేవాళ్లు. నేను చదువుకున్నదంతా హిందీలో. అమ్మ చిన్నప్పుడు పలక మీద దిద్దించిన అక్షరాలు ఎక్కడో అడుగున ఉన్నాయి. కెమెరా తిరుగుతుండగా ఒక్కో అక్షరమే తవ్వి పైకి తీశాను. "మీ ఇంటి బిడ్డ" అన్న మూడు మాటలు చదవడానికి నేను పడ్డ అవస్థ చూడలేక, ఆ గోడ రాయించిన అభ్యర్థి మనిషే పక్కనుంచి అందించాడు. తన రాతను చెరపడానికి వచ్చినవాడికి దాన్ని చదివిపెట్టిన మంచి మనిషి అతను. ఆ విధంగా నాకు తెలుగు చదవడం గోడల మీద వచ్చింది. రోడ్లు వేస్తాం, కాలవలు తీయిస్తాం, మంచినీళ్లిస్తాం. తెలుగులో జరిగిపోయినవేవీ రాయరు కాబోలు, జరగబోయేవే రాస్తారని చాలా రోజులు అనుకున్నాను. ఇప్పుడు ఈ నాలుగు మాటలు ఇలా రాయగలుగుతున్నానంటే ఆ గోడల పుణ్యం, ఆవిడ పుణ్యం.

నియమాలు ఆవిడ నోట వింటే చాలా తేలిక. ప్రభుత్వం గోడ మీద ఎవరిదీ ఉండకూడదు. సొంత ఇంటి గోడ మీద ఉండాలంటే ఇంటివాళ్ల రాతపూర్వక అనుమతి ఉండాలి, ఇల్లు ఇద్దరిదైతే ఇద్దరి సంతకాలూ ఉండాలి. క్వార్టర్ అయితే అది కంపెనీది, అందులో ఉంటున్నవాళ్లు అనుమతి ఇవ్వడానికి లేదు. ఇంతే. కష్టమంతా ఆవిడ దాన్ని అమలు చేసే తీరులో ఉండేది. ముందు తలుపు కొట్టి, ఇంట్లోవాళ్లు బయటికి వచ్చేదాకా ఆగి, రెండు చేతులూ జోడించి, "మీ గోడకి సున్నం ఏస్తన్నామండి" అని చెప్పేది. పేరు ఉన్నంత మేరకే కొట్టి పోదామంటే ఒప్పుకునేది కాదు. ఈ స్తంభం నుంచి ఆ స్తంభం దాకా, పైన చూరు నుంచి కింద అరుగు దాకా, అంచు తిన్నగా వచ్చేలా కొట్టించేది.

"తుడిచినట్టు ఉండకూడదు. ఏసినట్టు ఉండాల" అనేది.

కుంచె పట్టే సుఖ్‌రామ్ ఛత్తీస్‌గఢీవాడు. రెండు చేతుల మేర పేరు కోసం నిలువెత్తు గోడ కొట్టాల్సి వచ్చినప్పుడల్లా "కా కర్‌బో" అని నిట్టూర్చేవాడు, ఏం చేస్తాం అని. ఆవిడ దాన్ని ఒప్పుదల కింద తీసుకునేది.

శిలాఫలకాల మీద నాయకుల పేర్లుంటే వాటికి పాత పేపర్లు అంటించి కప్పేవాళ్లం. ఒకసారి ఒక కాలవ ప్రారంభోత్సవ ఫలకానికి సుఖ్‌రామ్ పేపరు అంటించాక కెమెరా ఎత్తిన నాకు, రాతి మీది పేరు మాయమై, అదే నాయకుడు పేపర్లోంచి రెండు చేతులూ ఊపుతూ కనిపించాడు. ఇదివరకు పేరే ఉండేది, ఇప్పుడు ఫొటో కూడా వచ్చింది. మేడమ్‌కు చూపించాను. ఆవిడ నవ్వలేదు. పేపరు ఊడదీయించి తిరగేసి అంటించింది. ఎన్నికలయ్యేదాకా ఆ కాలవను ఎవరో క్రికెట్ ఆటగాడు ప్రారంభించినట్టుండేది.

చలికాలం పొద్దుటి పూటలవి. మంచులో ప్లాంటు వైపు ఆకాశం నారింజ రంగులో వెలిగి ఆరేది, ఊరు ఒక కన్ను తెరిచి మళ్లీ మూసుకున్నట్టు. తడి సున్నం కొట్టగానే తెల్లగా ఉండదు, ఈ సంగతి చాలామంది చూసి ఉండరు. మొదట నీళ్లలా ఉంటుంది. కింద ఉన్న పేరు, గుర్తు, ముఖం ఇంకా స్పష్టంగా, కడిగినట్టు మెరుస్తాయి. ఆరేకొద్దీ పాల రంగు లోపల్నుంచి వస్తుంది. ముఖం ముందు చెవులు పోగొట్టుకుంటుంది, తర్వాత మీసం, చివరికి నవ్వు. మేం ముగ్గురం వీధికి అటువైపు అరుగు మీద కూర్చుని టీ తాగుతూ ఆరడం చూసేవాళ్లం. ఆరిన తర్వాతే రెండో వీడియో తీయాలి, అదీ ఆవిడ పద్ధతే. ఉద్యోగమంటే అలా కూర్చుని ఏదో ఒకటి మెల్లగా తెల్లబడటం చూడటమే అనుకునేవాణ్ణి.

ఒక క్వార్టర్ ముందు రిటైరైన పెద్దాయన అడ్డం నిలబడ్డాడు. కొడుకు పేరు మీద ఆ క్వార్టర్‌లోనే ఉంటున్నాడు. గోడ మీద ఎవరిదో గొడుగు గుర్తు ఉంది, అది ఆయనే ఇష్టపడి వేయించుకున్నాడు.

"నా పిల్లలు ఈ ఇంట్లోనే పుట్టేరు. మా ఆడది ఈ ఇంట్లోనే పోయింది. గోడ మాత్రం నాది కాదేటి?"

"కాదు బాబాయ్" అంది మేడమ్. "నాదీ కాదు. దాని మీద నువ్వు గొడుగు ఏయించేవు, నేను సున్నం ఏయిస్తన్నాను. మనిద్దరికీ సంబంధం నేదు."

ఆయన కొంచెంసేపు ఆవిణ్ణి చూసి, "టీ తాగుతారా?" అన్నాడు. తాగాం. సుఖ్‌రామ్ కొడుతుంటే ఆయన పక్కన నిలబడి, పైన మూల వదిలేశావని చూపించాడు కూడా.

ఇంత గట్టి మనిషికి మెత్తగా ఉండే చోటు ఒకటే ఉండేది, ఆదివారం మధ్యాహ్నం. ఖుర్సీపార్‌లో వాళ్ల నాన్నగారు కట్టిన ఇంట్లో అన్నగారు అప్పలరాజు, వదినగారు నూకరత్నం ఉండేవాళ్లు. మేడమ్ వేరే అద్దె గదిలో ఉండేది. ఆరు రోజులు ఆ గదిలో ఏం తినేదో ఎవరికీ తెలీదు, ఏడో రోజు మాత్రం అన్నగారింట్లో తినేది. వదిన పరాయి మనిషి కాదు. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే బెంచీ, మేడమే పట్టుబట్టి ఆవిణ్ణి అన్నకిచ్చి పెళ్లి చేయించింది. ఆదివారం నా స్కూటర్ మీద దింపితే నన్నూ కూర్చోమనేవాళ్లు. వైజాగ్ రైల్లో ఎవరో తెచ్చిన ఎండుచేపలు, నెత్తళ్లు, ఇగురు పెట్టేవారు వదినగారు. స్టీలు కంచాల మీద పేర్లు చెక్కించడం మనవాళ్లకు అలవాటే కదా. మేడమ్ కంచం మీద వాళ్ల నాన్న చెక్కించిన "పైడితల్లి" అన్న పేరు, తోమి తోమి సగం అరిగి ఉండేది. అందులో తింటున్నప్పుడు ఆవిడ గొంతు మారేది. "రత్నా, ఉప్పు ఎక్కువయ్యిందే" అనేది. "నోట్లో ఎక్కువయ్యింది, కూరలో కాదు" అనేవారు ఆవిడ. వాళ్లిద్దరూ అరిచినట్టే మాట్లాడుకుని నవ్వుకునేవాళ్లు, మేం అక్కడ లేనట్టు.

అలాంటి ఇంట్లోంచి అప్పలరాజుగారు వార్డుకు ఇండిపెండెంటుగా నిలబడ్డారు. ఆయనకు ఇనుప సామాన్ల దుకాణం ఉండేది, మంచి పేరూ ఉండేది. గుర్తు కింద విమానం అడిగితే బకెట్ ఇచ్చారు. మనిషి కొంచెం నొచ్చుకున్నారు గాని సర్దుకున్నారు. ఆ ఇంటి గోడ మూల మీద ఉంది. షిఫ్టు వదిలినప్పుడు సగం వార్డు దాన్ని చూసుకుంటూనే ఇంటికి పోవాలి. మంచి పెయింటర్ని పెట్టి మనిషెత్తు నీలం బకెట్ వేయించారు, అంచు మీద నీటి చుక్కలతో సహా. పిచ్చుకలు నీళ్లనుకుని వస్తున్నాయని వీధిలో చెప్పుకునేవాళ్లు. అది ప్రచారంలో భాగమని నా అనుమానం.

మొదటి ఫిర్యాదు మా మీదే వచ్చింది. అవతలి అభ్యర్థి మనిషి ఫోన్లో ఒక వీడియో పట్టుకొచ్చాడు. అందులో మేడమ్ ముందు నడుస్తోంది, వెనక సుఖ్‌రామ్ రెండు చేతులా రెండు సున్నం బకెట్లు పట్టుకుని వీధి మధ్యగా వస్తున్నాడు, అతని వెనక నేను కెమెరాతో. "మునిసిపాలిటీవాళ్లు రోజూ గల్లీ గల్లీ బకెట్ గుర్తు ఊరేగిస్తున్నారు" అన్నాడతను. నవ్వుదామనుకున్నాను గాని, వీడియో బాగా తీశాడు. నిజంగానే ఊరేగింపులా ఉంది.

మర్నాటి నుంచి మా స్క్వాడ్‌లో బకెట్ లేదు. ఖాళీ నూనె డబ్బాలకు తీగ పిడులు కట్టించి వాటిలో సున్నం కలిపించింది మేడమ్. డబ్బా మీద నూనె కంపెనీ పొద్దుతిరుగుడు పువ్వు ఉంటే, రేపు ఆ పువ్వు ఎవరికైనా గుర్తుగా వస్తుందేమోనని దాన్నీ గీకించింది. తీగ కోసుకుని సుఖ్‌రామ్ చెయ్యి ఎర్రబడేది. ఇవతల అప్పలరాజుగారు దీన్ని ఇంకోలా తీసుకున్నారు. సొంత చెల్లెలు తన గుర్తును చేత్తో పట్టుకోడానికి కూడా సిగ్గుపడిందని.

రెండో ఫిర్యాదు గోడ మీద వచ్చింది. ఇల్లు అన్నాచెల్లెళ్లిద్దరి పేరునా ఉంది, అనుమతి మీద ఒక్క సంతకమే ఉంది. అది నిజమే. ఆ మధ్యాహ్నం అప్పలరాజుగారు ఒక చేతిలో కాయితం, ఇంకో చేతిలో క్యారియర్ పట్టుకుని ఆఫీసుకు వచ్చారు.

"ఇక్కడ పెట్టు సంతకం. నూకరత్నం వంకాయ పంపింది."

"వంకాయ సంతకానికా, నాకా?"

"ఏటే ఆ మాటలు? నాన్న గోడ. మనిద్దరిదీ. నీ అన్న బొమ్మ నీ గోడ మీదుంటే నీకేటి నొప్పి?"

"నాకేటీ నొప్పి నేదు అన్నియ్యా. ఎలచ్చన్ డ్యూటీలో ఉన్నదాన్ని, ఒక గుర్తుకి సంతకం పెట్టకూడదు. పెట్టీసి, రేపు ఇంకోళ్ల తలుపు ఏ మొహంతో కొట్టమంటావు?"

"మరి వోటు? అదైనా నాదేనా?"

"వోటు మీద సున్నం కొట్టమని నాకెవులూ సెప్పనేదు."

ఇంకెప్పుడైనా అయితే ఆయన దానికి నవ్వేవారు. కాయితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయారు. క్యారియర్ బల్ల మీద ఉండిపోయింది. మేడమ్ దాని వైపు చూడలేదు. సాయంత్రం నాచేత వెనక్కి పంపించింది. నూకరత్నంగారు గుమ్మంలో దాన్ని అందుకుని, మూత తీయకుండా, చేత్తో ఒకసారి బరువు చూశారు.

మేడమ్ ఆ వార్డు తనకొద్దని మా జోన్ ఆఫీసరు సాబ్‌ను అడిగింది కూడా. నేను అక్కడే ఉన్నాను. ఆయన ఎక్కడినుంచో బదిలీ మీద వచ్చిన మనిషి. "ఆ తెలుగు గల్లీల్లో నాకు దారే తెలీదు మేడమ్, ఆప్ హీ దేఖ్ లీజియే" అన్నాడు. మీరే చూసుకోండి అన్న మాటలో ఆయన చూసుకోవడం ఎంత తేలికో, ఆవిడ చూసుకోవడం ఎంత బరువో నాకు తెలుసు. ఆ గోడకు సున్నం పడితే ఆదివారం పోతుంది. ఇంకో పుట్టిల్లు ఎక్కడినుంచి తెస్తుంది?

మంచు బాగా పట్టిన పొద్దుట వెళ్లాం. బకెట్‌కు ఆనుకుని కుర్చీ వేసుకుని అప్పలరాజుగారు కూర్చుని ఉన్నారు. మేడమ్ మెట్టెక్కి, రోజూ తోసుకుని లోపలికి పోయే తలుపును అందరి తలుపులా కొట్టింది. నూకరత్నంగారు వచ్చారు. మేడమ్ చేతులు జోడించింది.

"మీ గోడకి సున్నం ఏస్తన్నామండి."

ఆ "అండి" విని నూకరత్నంగారు ఒక అడుగు వెనక్కి వేయడం నా వీడియోలో ఉంది. అప్పలరాజుగారు కుర్చీలోంచి కదల్లేదు.

"నాన్న ఈ గోడకి నీళ్లు పోస్తంటే మగ్గు అందించేదానివి. గుర్తుందా?"

"ఉంది. అందుకే నీ ఒక్కడి సంతకం సరిపోనేదు. లే అన్నియ్యా, బట్టల మీద పడతాది."

ఆయన లేచారు. సుఖ్‌రామ్ నిట్టూర్చకుండా కుంచె ముంచాడు. ఆవిడ బకెట్ మేరకే ఆపించలేదు. ఆ మూల నుంచి గుమ్మం దాకా, గుమ్మం అవతల కిటికీ దాకా, ఇంటి ముఖమంతా కొట్టించింది, ఆ ఇంట్లో పెళ్లేదో ఉన్నట్టు. మేం వీధికి అటువైపు కూర్చున్నాం. తడి సున్నం కింద నీలం బకెట్ ఇంకా నీలంగా మెరిసింది. చాలాసేపు పోలేదు. మంచులో సున్నం తొందరగా ఆరదు. ఆవిడ టీ గ్లాసు చేతిలో అలాగే ఉంది. చుక్కలు పోయాయి, పిడి పోయింది, అంచు మాత్రం సన్నటి గీతలా మిగిలి, నేను రెప్ప వేసి తెరిచేసరికి అదీ లేదు. తెల్లటి మంచులో తెల్లటి ఇల్లు, తలుపు ఒక్కటే గాల్లో నిలబడి ఉంది. ఆ తలుపు దగ్గర్నుంచి అప్పలరాజుగారు అన్నారు:

"ఈ ఆదివారం నుంచి నీకిక్కడ కంచం నేదు."

ఆయన కొద్ది తేడాతో ఓడిపోయారు. ఓడిపోవడానికి కారణాలు చాలా ఉంటాయి, ఆయన ఒక్కదాన్నే ఎంచుకున్నారు. మేడమ్ ఆ మాట పట్టుకుని వాదించలేదు, ఆ గుమ్మం తొక్కలేదు. ఆదివారాలు ఆఫీసు తెరిపించి, ఏ రోజైనా చేయగలిగే పనులు చేసుకునేది. నాచేత పరీక్షకు అప్లికేషన్ పెట్టించిందీ, నాకు ఉద్యోగం ఖాయమయ్యేదాకా వదలనిదీ ఆ ఆదివారాల్లోనే. మా అమ్మ భోజనానికి పిలిస్తే రెండుసార్లు వచ్చింది. బాగుందంది. ఈసారి ఆదివారం కాకుండా ఇంకో రోజు పిలవమంది.

వర్షాకాలం వచ్చాక ఒక సంగతి జరిగింది. సున్నం వానకు పలచబడి బకెట్ బయటపడింది. మబ్బు పట్టిన రోజున గోడ తడిస్తే లేత నీలంగా, నీళ్ల అడుగున ఉన్న వస్తువులా కనిపించేది. ఎండ కాస్తే మళ్లీ పోయేది. అప్పలరాజుగారు దానిమీద రంగూ వేయించలేదు, సున్నమూ వేయించలేదు. ఎందుకో మేం అడగలేదు. ఏటా తొలి వానలకు మేడమ్ ఏదో పని ఉందని ఆ దారిన స్కూటర్ పోనివ్వమనేది. వీధికి ఇటువైపు ఆపించి, గొడుగు తెరవకుండా, ఆ గోడను చూసేది. ఒకసారి, "బాగా గీసేడు కదా పెయింటరు" అంది. పోనీయమని భుజం తట్టింది.

మళ్లీ వార్డు ఎన్నికలొచ్చేసరికి ఆవిడ రిటైరైంది. అప్పలరాజుగారు ఈసారి నిలబడలేదు, కానీ ఆ గోడ అందరికీ కావాలి. నేను ఆవిడ గదిలో ఉండగా ఒక అభ్యర్థి కుర్రాళ్లు ఇద్దరు కాయితం పట్టుకుని వచ్చారు. అప్పలరాజుగారి సంతకం రెండో గీత మీద ఉంది. మొదటి గీత ఖాళీగా ఉంది.

"రాజు భయ్యా చెప్పారు దీదీ, మీరు పెట్టకుండా చెల్లదంట" అన్నాడు ఒకడు. "పైన మీకోసమే వదిలారంట."

ఆవిడ కాయితం చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది, రెండు పేర్లకు అంత పట్టదు. తర్వాత చెప్పులేసుకుంది.

"బండి తియ్యి బాబూ."

అప్పలరాజుగారు అప్పటిలాగే గోడ ముందు కుర్చీలో ఉన్నారు, ఇంకొంచెం వంగి.

"సంతకం పెట్టీసావా?"

"నేదు. పెట్టనని సెప్పడానికొచ్చాను."

"ఆ కుర్రాళ్లతో సెప్పి పంపొచ్చు కదా."

"పంపొచ్చు."

"మరేటి, నువ్వొచ్చీసావు?"

ఆయన లేచి, కుర్చీని కాలితో ఆవిడ వైపు జరిపారు. ఆవిడ కూర్చుంది. ఇద్దరూ ఏమీ లేని గోడను చూస్తున్నారు. చూడబోతే ఆ గోడ మీద ఇద్దరికీ నచ్చింది ఏదో ఉన్నట్టే ఉంది.

ఆ తర్వాత ఆదివారాలు తిరిగి వచ్చాయి, ఆవిడ పోయేదాకా ఉన్నాయి. ఆవిడ నాకిచ్చినవి చాలా ఉన్నాయి. ఈ భాష, ఈ ఉద్యోగం, అంచు తిన్నగా రాకపోతే నిద్రపట్టని జబ్బు. నిన్న పెరటి గోడను ఈ చివర నుంచి ఆ చివర దాకా మళ్లీ కొట్టించాను. పెయింటరు కూడా "కా కర్‌బో" అన్నాడు. ఆఫీసులో ఇప్పుడు గోడల అనుమతి కాయితాలు నా బల్ల మీదకే వస్తాయి. సంతకాలన్నీ సరిగ్గా ఉన్నా నేను ఒక ప్రశ్న అదనంగా వేస్తాను. ఇంట్లో వంట చేసేవాళ్లని అడిగారా అని. నియమాల్లో ఎక్కడా లేని ప్రశ్న అది. మూల బల్ల దగ్గర ఒక పిచ్చాయన ఉంటాడని జోన్‌లో చెప్పుకుంటారని విన్నాను.

ఆ ప్రశ్న నాకు మేడమ్ నేర్పలేదు. ఆ రోజు, కుర్చీలో ఆవిడా పక్కన ఆయనా ఉండగా, తలుపు తెరుచుకుని నూకరత్నంగారు గుమ్మంలోకి వచ్చారు. చేతిలో కంచం ఉంది. తోమి తోమి పేరు ఇంకొంచెం అరిగింది. మేడమ్ లేవబోయి, చేతులు జోడించాలో వద్దో తెలియక, సగంలో ఆగింది. నూకరత్నంగారు ఆవిణ్ణి చూశారు, మొగుణ్ణి చూశారు, వాళ్ల వెనక గోడను చూశారు.

"గోడకి మీ ఇద్దరి సంతకాలూ గావాల. బాగుంది. వొచ్చే ఆదివారం వొస్తాదేమోనని ఇన్నాళ్లూ ఈ కంచం తోమి బోర్లించిందాన్ని, నన్నెవులడిగేరు?"